ఎగరని విమానానికి ఎండ దెబ్బ

దోహా నుంచి మాట్లాడుతున్నాను.

ఈ పూట నేను చెప్పబోయే విమానం ఎక్కడా ఎగరలేదు, ఇకముందూ ఎగరదు. పొడవు జానెడు. ప్లాస్టిక్‌ది. అయినా దాని వీపు మీద రంగు ఎండకి వెలిసిపోయి ఉంటుంది. ఇంజన్ల వెనక మసి పట్టి ఉంటుంది. పైలట్ ఎక్కే చోట బూట్ల రాపిడికి రంగు లేచిపోయి ఉంటుంది. ఇవన్నీ కావాలని, కూర్చుని, వారాల తరబడి చేసిన పనులే. మోడల్స్ కట్టేవాళ్ళు దీన్ని వెదరింగ్ అంటారు. కొత్త బొమ్మను పాతబరచడం అన్నమాట.

"డబ్బులు పోసి కొత్తది కొని, దాన్ని మట్టి కొట్టుకుపోయినట్టు చేస్తారా?" అని మా ఆవిడ మొదట్లో అడిగింది. సరైన ప్రశ్నే! మీలో కూడా చాలామందికి వచ్చి ఉంటుంది. దానికి జవాబు చెప్పడానికి నేను సినిమా సాయం తీసుకుంటాను.

2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' చూసే ఉంటారు. అందులో కాశీ నగరమంతా దుమ్ము. బళ్ళూ, యంత్రాలూ అతుకులేసుకుని బతుకు వెళ్ళదీస్తున్నట్టుంటాయి. పైన కాంప్లెక్స్ మాత్రం తళతళలాడుతుంది. ఎవరి దగ్గర నీళ్ళున్నాయో, ఎవరి దగ్గర లేవో ఒక్క డైలాగు లేకుండానే తెలిసిపోతుంది. సైన్స్ ఫిక్షన్ సినిమాలో ఇలా వాడి వాడి నలిగిన వస్తువులు చూపించడాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చింది 1977 నాటి 'స్టార్ వార్స్'. అంతకుముందు చాలా సినిమాల్లో రోదసి నౌకలు అప్పుడే షోరూంలోంచి తీసినట్టుండేవి. స్టార్ వార్స్ మోడల్స్ చేసినవాళ్ళు బజార్లో దొరికే ట్యాంకుల, విమానాల కిట్ల ముక్కలు తెచ్చి అతికించి, వాటికి మసీ మరకలూ పూశారు. చూసినవాళ్ళు అవి నిజంగా పనిచేసే నౌకలని నమ్మారు. లేని వస్తువుని ఉన్నట్టు నమ్మించాలంటే దాని మీద ఎవరో పనిచేసిన గుర్తులు ఉండాలి. వెదరింగ్ ఉపయోగం అదే.

ఇక నా విమానం సంగతి. దీని పేరు వీఎఫ్-1 వాల్కిరీ. 1982 అక్టోబరులో జపాన్ టీవీలో మొదలైన 'మాక్రాస్' కార్టూన్ సీరియల్లోది. అమెరికాలో 1985లో దాన్నే మరో రెండు సీరియల్సుతో కలిపి 'రోబోటెక్' పేరుతో వేశారు. అక్కడ పెరిగిన శ్రోతలకి గుర్తుండొచ్చు. షోజీ కవామోరి అనే డిజైనర్ అమెరికా నౌకాదళపు ఎఫ్-14 టామ్‌క్యాట్‌ని దృష్టిలో పెట్టుకుని దీన్ని గీశాడు. రెక్కలు వెనక్కి మడిచే పద్ధతీ, జంట తోకలూ అన్నీ ఆ పోలికే. తోక మీద పుర్రె గుర్తు కూడా అమెరికా నౌకాదళంలోని 'జాలీ రోజర్స్' స్క్వాడ్రన్ నుంచి వచ్చిందే. తేడా ఏమిటంటే ఇది మూడు రూపాలు మారుతుంది. మామూలు విమానం, కాళ్ళూ చేతులూ మొలిచిన విమానం, నిటారుగా నిలబడ్డ మరమనిషి. విమానంగా ఉన్నప్పుడు ఇంజన్లుండే గొట్టాలే మరమనిషికి కాళ్ళు. మంట వెలువడే మూతులే పాదాలు.

ఈ చివరి మాట కాస్త గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

కథ ప్రకారం దీని పొడవు 14.23 మీటర్లు. నేను కట్టింది హసెగావా కంపెనీ వారి 72వ వంతు కిట్. అంటే దాదాపు 20 సెంటీమీటర్లు. ఈ 72 అనే అంకెని పిల్లలకి గుణకారం నేర్పినట్టు నేర్పాలి, ఎందుకంటే వెదరింగ్‌లో సగం తప్పులు అక్కడే జరుగుతాయి. మోడల్ మీద ఒక మిల్లీమీటరు వెడల్పున రంగు గీకితే, నిజం విమానం మీద అది 7.2 సెంటీమీటర్ల గాయం. మన అరచేయంత! అలాంటివి రెక్క నిండా ఉంటే ఆ విమానాన్ని ఏ మెకానిక్కూ ఎగరనివ్వడు. అలాగే కొందరు సీలైన్ బీచి నుంచి నిజం ఇసుకే తెచ్చి చల్లుదామనుకుంటారు. మిల్లీమీటరులో పదో వంతు ఇసుక రేణువు ఈ కొలతలో 7 మిల్లీమీటర్ల గులకరాయి. దుమ్ము పడ్డట్టుండదు, కంకర పోసినట్టుంటుంది. అందుకని రంగు పేస్టల్ చాక్‌ని గరుకు కాయితం మీద అరగదీసిన పొడి వాడతాం.

సరే, ఎక్కడ మాయాలి, ఎక్కడ మాయకూడదు? పుస్తకాల్లో, వీడియోల్లో చాలానే చెబుతారు. నాకు మాత్రం అసలు పాఠం చెప్పినవాడు మోడల్స్ ఎన్నడూ ముట్టుకోని మనిషి.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి, ఇక్కడ ఇండస్ట్రియల్ ఏరియాలో కార్లకి డెంటింగ్, పెయింటింగ్ చేసే తమ్ముడొకడున్నాడు. పేరెందుకు లెండి. శుక్రవారాలు మా ఇంటికి భోజనానికొచ్చేవాడు. ఒకసారి టేబుల్ మీదున్న సామానంతా చూసి నవ్వాడు. "అన్నా, మేము ఎండ పోగొట్టేటందుకు పైసల్ తీసుకుంటం. నువ్వు ఎండ పెట్టేటందుకు పైసల్ పెడుతున్నవ్" అన్నాడు. తరవాత నేను చూపించిన ఒక మోడల్ ఫొటో తీసుకుని, వేలు పెట్టి అడగడం మొదలుపెట్టాడు. "ఈ గీత ఎట్ల పడ్డది? ఈడ చెయ్యి తగలది, కాలు తగలది, రాయి తగలది. మరెట్ల పోయింది రంగు?" ఫొటోలోది పెద్ద పేరున్న మోడలరు చేసిందే. జవాబు మాత్రం లేదు.

ఆ రోజు సాయంత్రం పార్కింగులో కార్ల మధ్య నడిపించి చూపించాడు. ఎండ పైనుంచి పడుతుంది కాబట్టి పైకప్పూ, బానెట్టూ ముందు తెల్లబారతాయి, తలుపులు బాగానే ఉంటాయి. ఎరుపు రంగు తొందరగా పోతుంది. ముందు బంపరు మీద సన్నటి చుక్కలు చుక్కలుగా రంగు ఎగిరిపోతుంది, ఎదురొచ్చే రాళ్ళకి. తలుపు పిడి వెనక గోళ్ళూ ఉంగరాలూ గీరుకున్న గీతలు. పెట్రోలు మూత కింద కారిన చార. డ్రైవరు దిగే వైపు గడప అరిగిపోయి, అవతలి వైపు గడప కొత్తగా. "చెయ్యి ఏడ తగుల్తదో ఆడ్నే పోతది అన్నా. ఊకె పోదు" అన్నాడు. ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం నా అల్మరాలో లేదు.

అంతసేపూ నేను గమనిస్తున్నది ఇంకొకటి ఉంది. అతని నీలం కవరాల్ భుజాల మీద తెల్లబారి, జేబుల కింద ముదురుగానే ఉంది. సరిగ్గా అతను చెబుతున్న బానెట్ లాగే.

ఈ లెక్కని వాల్కిరీకి వేద్దాం. ముందు దానికొక ఊరు కావాలి. రోదసిలో గాలి లేదు కాబట్టి వెనక్కి సాగిన చారలుండవు, దుమ్ముండదు. నేను దాన్ని ఎడారి స్థావరంలో పెట్టాను. ఇది ఉత్త ఊహేం కాదు. 1990-91 గల్ఫ్ యుద్ధంలో కెనడా వారి సీఎఫ్-18లు, అమెరికా ఎఫ్-16లు దోహా నుంచే ఎగిరాయి. బ్రిటన్ వాళ్ళయితే తమ టొర్నేడోలకి ఇసుక గులాబి రంగు వేశారు. అది తాత్కాలికపు రంగు, క్షారంతో కడిగితే పోయేలా తయారుచేసింది. అందుకే ఆ విమానాలు త్వరగా మాసి, కింది పచ్చరంగు అక్కడక్కడ తొంగిచూసేది. టొర్నేడో దిగేటప్పుడు ఇంజన్ పొగని ముందుకి తిప్పి వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, తోక నిలువునా నల్లటి మసి. ఆ తోకల ఫొటోలు వెదరింగ్ నేర్చుకునేవాళ్ళకి పెద్దబాలశిక్ష లాంటివి. మసి ఎక్కడ పడిందో చూస్తే ఇంజన్ ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది.

ఎఫ్-14 ఫొటోలూ చూడాలి. రెక్క వెనక్కి మడుచుకున్నప్పుడు దాని మొదలు శరీరంలోకి జారుతుంది. ఆ సందులో సీళ్ళు రాసుకుని, రెక్క మీద వంపు తిరిగిన మాసిన చార పడుతుంది. వాల్కిరీ రెక్కా అలాగే కదులుతుంది గనక ఆ చార దానికీ ఉండి తీరాలి. అన్నట్టు, అమెరికా బయట ఎఫ్-14 కొన్న దేశం ఒక్కటే, మనకి గల్ఫుకి అవతలి ఒడ్డునున్న ఇరాన్.

ఇప్పుడు ఇందాకటి పాదాల మాట. మరమనిషి రూపంలో నడిచేది ఇంజన్ మూతుల మీదే. అంటే వాటి అంచులకి రెండు రకాల గుర్తులుండాలి. లోపల వేడికి కమిలిన నీలం, గోధుమ ఛాయలు, అంచున ఇసుక రాపిడికి మెరుగెక్కిన లోహం. మోకాళ్ళ దాకా దుమ్ము. వీపు మీద ఎండ. చేతులు విమానంగా ఉన్నప్పుడు కాళ్ళ మధ్య దాక్కుని ఉంటాయి కాబట్టి అక్కడ రంగు తాజాగా. మా అబ్బాయి ఈ చివరిది తనంతట తానే కనిపెట్టాడు. పదేళ్ళవాడు. "అది నీడలో ఉంటుంది కదా నాన్నా" అన్నాడు. లేని యంత్రం గురించి ఇంత సరైన వాదన చేయించగలిగిన ఆట ఇంకోటి నాకు తెలియదు.

పని పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ముక్కలు అతికించాక సందులు లప్పంతో పూడ్చి, ఉప్పుకాగితంతో తడిపి రుద్దాలి. కొండపల్లి బొమ్మలకి చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపి మక్కు పెడతారే, అదే వరస. తరవాత ప్రైమరు. ఆ పైన వెండి రంగు, అది బాగా ఆరాక దాని మీద రక్షణగా లాకరు క్లియర్.

ఇప్పుడొక తమాషా. ఆడవాళ్ళు జుట్టుకి కొట్టుకునే హెయిర్ స్ప్రే రెండు పల్చటి పూతలు కొడతాం. అది ఆరాక ఆక్రిలిక్ ఇసుక రంగు. నేను టామియా వారి బఫ్ వాడాను, ఎక్స్ఎఫ్-57. అరగంట ఆగి, రంగు లేవాల్సిన చోట గోరువెచ్చని నీళ్ళు అద్ది, పొట్టి కుచ్చు బ్రష్షుతో మెల్లగా తడితే, కింద హెయిర్ స్ప్రే నీళ్ళకి కరిగి పై రంగు పెచ్చులుగా లేస్తుంది. వెండి బయటపడుతుంది. బ్రిటన్ వాళ్ళ గులాబి రంగు కథే ఇది, వేలెడంత రూపంలో! అయితే జెట్ విమానాల్లో ఇవి చాలా తక్కువ ఉండాలి. రెక్కల ముందంచు, మెట్లు, తరచూ విప్పే మూతలు, రూపం మారేటప్పుడు రాసుకునే కీళ్ళు. అంతే. చేయి ఆగకపోతే విమానం కాస్తా పాత ఇనపసామాను కొట్టు సరుకవుతుంది.

ఎండకి వెలవడం కోసం అదే ఇసుక రంగులో తెలుపు కొద్దిగా కలిపి, బాగా పల్చన చేసి, పై భాగాల్లో రేకుల మధ్యలో మాత్రం వేయాలి. కింది భాగాలకి వద్దు. తరవాత మెరిసే క్లియర్. ఇదెందుకంటే, పై పొర నున్నగా ఉంటేనే వాష్ అనే పల్చటి ముదురు రంగు గీతల వెంట తనంతట తాను పాకుతుంది. గరుకుగా ఉంటే అక్కడికక్కడే మరకై కూర్చుంటుంది. వాష్‌కి నేను ముదురు గోధుమ ఆయిల్ రంగుని అట్టముక్క మీద ఒక గంట ఉంచి, నూనె పీల్చాక, వైట్ స్పిరిట్‌లో కలుపుతాను. ఆరాక గుడ్డతో ముక్కు నుంచి తోక వైపే తుడవాలి. గాలి వీచేది అటే కాబట్టి. ఇంకో జాగ్రత్త: రూపం మారే కిట్లలో కీళ్ళు ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తుంటారు. రంగు లేని ఏబీఎస్ బిగుతుగా ఉన్న చోట ఈ స్పిరిట్ దిగితే అది పుటుక్కున పగులుతుంది. అక్కడ నీళ్ళ రంగులతోనే సరిపెట్టుకోండి.

ఇక కస్టమైజింగ్, అంటే దాన్ని మనదిగా చేసుకోవడం. కిట్‌తో వచ్చే గుర్తులు పక్కన పెట్టి, తోక మీద పాలపిట్ట వేశాం. తోక అంకె తెలుగులో, ౭౨ అని. పాలపిట్ట ఆలోచన మన జగిత్యాల తమ్ముడిది. దసరానాడు ఊళ్ళో జమ్మిచెట్టు దగ్గరికి పోయి పాలపిట్టను చూడటం ఆనవాయితీ కదా. "చూడక పదకొండేండ్లాయె అన్నా" అన్నాడు. ఆ నీలం రెక్కలకి రంగు కలిపింది కూడా అతనే. మూడు చుక్కలు అటూ ఇటూ వేసి, చూపుడువేలి గోరు మీద పూసి వెలుతురులో చూసి, "గిదే" అన్నాడు. నాకైతే అది ఇంకో వారం పట్టేది. రంగుల చార్టులేమీ చూడలేదతను. అయినా అతనికి ఇక్కడ జీతం కాగితం మీదున్న పేరు హెల్పర్.

దోహా లాంటి ఊళ్ళలో ఉన్నవాళ్ళకి కొన్ని మాటలు విడిగా చెప్పాలి. మొదటిది ఊపిరి గురించి. మన ఫ్లాట్లలో స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పుతుంది. తలుపులు మూసి, ఏసీ వేసుకుని థిన్నరూ లాకరూ స్ప్రే చేస్తే ఆ ఆవిరి అంతా ఇంటిల్లిపాదీ పీల్చాల్సిందే. దుమ్ము మాస్కులు, ఎన్95తో సహా, ఈ ఆవిరిని ఆపవు. బొగ్గు ఫిల్టరున్న రెస్పిరేటరు కావాలి, కిటికీలోంచి బయటికి తోసే ఫ్యాను కావాలి, దరిదాపుల్లో గ్యాసు పొయ్యి వెలగకూడదు. ఇవి లేకపోతే నీళ్ళతో కలిపే ఆక్రిలిక్ రంగులు బ్రష్షుతో వేయండి. పిల్లలకి స్పాంజితో చుక్కలద్దడం, పేస్టల్ పొడి పూయడం, గుర్తులు గీయడం ఇవ్వండి. స్ప్రే, కత్తి పెద్దవాళ్ళవి. కార్ల షాపులో బూతు లేకుండా ఏళ్ళ తరబడి స్ప్రే చేసినవాళ్ళ దగ్గు మా తమ్ముడు చేసి చూపించాడు. నవ్వుతూనే చూపించాడనుకోండి. ఆ మర్నాడే నేను రెస్పిరేటరు కొన్నాను, రెండు.

రెండోది ఉక్క. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఇక్కడ సముద్రపు తేమ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అప్పుడు బాల్కనీలో క్లియర్ కొడితే, థిన్నరు ఆవిరయ్యే చల్లదనానికి గాలిలోని తడి పూత మీద చేరి తెల్లటి పొర కడుతుంది. కాబట్టి స్ప్రే పనులన్నీ నవంబరు నుంచి మార్చి దాకా, శమాల్ గాలి లేని రోజు చూసుకుని పెట్టుకోండి. ఎండాకాలం అతుకులకీ, ఉప్పుకాగితానికీ, బొమ్మలు గీయడానికీ. స్ప్రే డబ్బాలు కారులో మాత్రం వదలొద్దు, పేలతాయి. ఊరికెళ్ళేటప్పుడు మండే రంగులు సూట్‌కేసులో పెట్టుకోవడం కుదరదు. చేతి సామానులో అయినా, లోపలికిచ్చే సామానులో అయినా విమానాల వాళ్ళు ఒప్పుకోరు.

నా మొదటి వాల్కిరీ ఇప్పుడు నా దగ్గర లేదు. తమ్ముడు ఇక్కడి పని ముగించుకుని ఊరెళ్ళిపోయేటప్పుడు కొడుక్కి తీసుకెళ్ళాడు, చెప్పుల డబ్బాలో స్పాంజి పెట్టి, ఒళ్ళో పెట్టుకుని. నాకు కష్టంగానే అనిపించింది. ఆ పాలపిట్ట మళ్ళీ అలా రాదు. రెండు నెలలకి వాట్సాప్‌లో ఫొటో పంపాడు. ముందు చక్రం విరిగింది, ఎడమ తోక వంగింది. మధ్యభాగంలో, పిల్లాడు బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పట్టుకుని గాల్లో తిప్పే చోట, నా రంగు పూర్తిగా అరిగి కింద వెండి కనిపిస్తోంది. చాలా అందంగా అరిగింది. అంచులు మెత్తగా, మధ్యలో నున్నగా. నేను ఆ ఫొటో పెద్దది చేసి టేబుల్ ముందు అతికించుకున్నాను, రెండో వాల్కిరీకి దాన్ని చూసే వేస్తున్నాను.

చివరగా, ఇక్కడి శ్రోతలు తప్పకుండా అడగబోయేది. ఇంత కష్టపడి దుమ్ము పూశాక, దోహా దుమ్ము దాని మీద పడితే తుడవాలా వద్దా? తుడవాలి. అసలు దుమ్ము అన్ని చోట్లా ఒకేలా పడుతుంది, నీడలో ఉండాల్సిన చేతుల మీద కూడా. తడిగుడ్డ పెట్టకండి, పేస్టల్ పొడి లేచిపోతుంది. మెత్తటి మేకప్ బ్రష్షుతో విదిలించండి. బ్రష్షు మాత్రం విడిగా కొనుక్కోండి, ఇంట్లో ఉన్నది తీశారంటే ఆ తరవాతి సంగతికి నేను పూచీ కాదు. అద్దం తలుపున్న షోకేసు ఉంటే ఇంకా మంచిది.